స్వప్నశాస్త్రజ్ఞుడు గిరీంద్రశేఖర వసు

జాగ్రత్స్వప్నసుషుప్తుల విచారము మాండూక్యోపనిషత్తు మొదలుకొని భారతీయులకు పరిచితమే. ఆ విచారమును ఆధునిక వైద్యముతో అనుసంధించిన మనీషి గిరీంద్రశేఖర వసు. ఆయన 1887 జనవరి 30వ తేదీన జన్మించెను. తండ్రి చంద్రశేఖర వసు దర్భంగా సంస్థానమున దివాను. పరశురామ నామముతో వంగభాషలో హాస్యకథలు వ్రాసిన రాజశేఖర వసు ఆయనకు అగ్రజుడు.

గిరీంద్రశేఖరుడు 1910లో కలకత్తాలో వైద్యపట్టమును, 1917లో మనస్తత్త్వశాస్త్రమున ఎం.ఏ. పట్టమును పొందెను. మనస్సు తన కోరికలను తానే అణచివేయు విధానమును గూర్చి రచించిన గ్రంథమునకు 1921లో డి.యస్సీ. లభించెను. దానిని వియన్నాలోని సిగ్మండ్ ఫ్రాయిడునకు పంపగా ఉత్తరప్రత్యుత్తరములు మొదలై 1937 వరకు సాగినవి. వారిరువురు ఎన్నడును కలిసికొనలేదు. 1922లో భారతీయ మనోవిశ్లేషణ సంఘము ఆయన గృహముననే వెలసెను.

ప్రతి కోరికకును తద్విరుద్ధమైన కోరిక జంటగా నుండుననియు, ఒకటి వ్యక్తమైనపుడు రెండవది మనస్సు లోపల అణగియుండుననియు ఆయన సిద్ధాంతము. ఫ్రాయిడు దీనిని పూర్తిగ అంగీకరింపలేదు. అయినను వసు తన మతమును విడువలేదు, గౌరవమును విడువలేదు. 1931లో ఫ్రాయిడు డెబ్బదియైదవ జన్మదినమునకు సంఘము పక్షమున దంతపు విష్ణుమూర్తి వియన్నాకు చేరెను. ఫ్రాయిడు దానిని తన వ్రాతబల్లపై నిలుపుకొనెను.

1928లో స్వప్నమను వంగగ్రంథము వెలువడెను. స్వప్నములందు గూఢకామనలను వెదకిన ఈ వైద్యుడు పురాణములను కూడ స్వప్నములుగనే వ్యాఖ్యానించునని ఎవరైనను తలచెదరు. పాశ్చాత్య మనోవిశ్లేషకులు పురాణగాథలను జాతి కన్న కలలుగ భావించుచుండిరి. కాని 1934లో వెలువడిన పురాణప్రవేశమున ఆయన వంశానుచరితలను, మన్వంతరగణనను చరిత్రగా గ్రహించి రాజవంశముల కాలనిర్ణయమునకు పూనుకొనెను. రోగి స్వప్నమునకు ఒక ప్రమాణము, సూతులు పరంపరగా కాపాడిన వంశావళికి వేరొక ప్రమాణము. ఆయన కాలగణనమును నేడు అందరు అంగీకరింపకపోవచ్చును. విషయమునుబట్టి ప్రమాణము మారవలెనను వివేకము మాత్రము పరిశోధకులకు శిరోధార్యము.

భగవద్గీతను, యోగసూత్రములను కూడ ఆయన వ్యాఖ్యానించెను. 1940లో లుంబినీ పార్కు మానసిక వైద్యాలయము స్థాపితమయ్యెను. 1953 జూన్ 3న ఆయన పరమపదించెను. ఆ సంవత్సరముననే చికాగోలో అసెరిన్‌స్కీ, క్లైట్‌మన్‌లు నిద్రయందలి శీఘ్రనేత్రచలనమును ప్రకటించిరి. అప్పటినుండి స్వప్నవేళ మెదడునందలి వ్యాపారము యంత్రములకు గోచరమగుచున్నది. కల ఎప్పుడు కలుగునో యంత్రము సూచింపగలదు. ఆ కల ఆ మనుజునికే ఏల కలిగెనను ప్రశ్నకు నేటికిని ఆ మనుజుని మాటయే శరణ్యము. వసు జీవితమంతయు వినినది ఆ మాటనే.