విలియం కౌపరు గారు: త్రోసివేయబడితినని తలంచిన కీర్తనకారుడు

(చదువవలసిన భాగము: కీర్తన 88)

ఇమ్మానుయేలు రక్తపు ఊటను గూర్చిన కీర్తన అనేక దేశములలో పాడబడుచున్నది. దానిని వ్రాసిన విలియం కౌపరు గారు మాత్రము తమ జీవితములోని చివరి 27 సంవత్సరములు ఆ ఊట తమ కొరకు కాదని నమ్మియుండిరి. ఆయన చరిత్రను ఈ నెల వ్రాయుటకు మాకు కారణము కలదు. ఇట్టి తలంపుతో బాధపడు పురుషులు మన సంఘములలోను ఉందురు. వారు నోరు తెరచి చెప్పరు.

కౌపరు గారు 1731 లో ఇంగ్లండు దేశమందు ఒక పాదిరిగారి కుమారుడుగా పుట్టిరి. ఆరేండ్ల ప్రాయమున తల్లిని పోగొట్టుకొనిరి. న్యాయశాస్త్రము చదివిరి. 1763 లో ప్రభువుల సభలో ఒక గుమాస్తా ఉద్యోగము రావలసియుండగా, అందుకు జరుగు పరీక్షకు భయపడి మతి చలించి, ప్రాణము తీసికొన యత్నించిరి. బంధువులు ఆయనను సెయింట్ ఆల్బన్స్‌లో కాటన్ అను భక్తిగల వైద్యుని యొద్ద చేర్చిరి. అక్కడనే 1764 లో రోమా 3:25 చదివి క్షమాపణ నిశ్చయత పొందిరి. వైద్యమును ప్రార్థనను వేరుచేయువారు ఈ సంగతి గమనింపవలెను.

పిమ్మట అన్విన్ కుటుంబముతో నివసించిరి. ఇంటి యజమాని 1767 లో గుఱ్ఱము మీదనుండి పడి చనిపోగా, మేరీ అన్విన్ అమ్మగారును కౌపరు గారును ఓల్నీ అను చిన్న ఊరు చేరిరి. అచ్చటి పాదిరి జాన్ న్యూటను గారు, ఒకప్పుడు బానిసల ఓడకు కప్తాను. ఇద్దరును కీర్తనలు వ్రాసిరి. 1779 లో అచ్చయిన ఆ పుస్తకములో కౌపరు గారివి అరువదికి పైగా కలవు.

అయితే 1773 జనవరిలో వ్యాధి తిరుగబెట్టెను. అందరును, అందరికంటె ఎక్కువగా మేరీ అమ్మగారును తమ్మును ద్వేషించుచున్నారనియు, అన్నములో విషము కలిపిరనియు ఆయన నమ్మిరి. దేవుడు తమకు నాశనము విధించెనని ఒక కలవలన నిశ్చయించుకొని, ఆరాధనకు పోవుట మానిరి. వాదించి ఆ తలంపు తీసివేయుట ఎవరి చేతను కాలేదు. ఇట్టి భ్రాంతి వాదమునకు లొంగదని నేటి వైద్యులును చెప్పుదురు. దానిని అవిశ్వాసమనుటయు దయ్యమనుటయు మనము చేయు అన్యాయమని మా అభిప్రాయము.

న్యూటను గారు ఏమి చేసిరో చూడుడి. స్నేహితుని తమ పాదిరి బంగళాకు తెచ్చుకొనిరి. ఒక వారము కాదు, ఒక సంవత్సరమునకు పైగా ఉంచుకొనిరి. మేరీ అమ్మగారు తన్ను శత్రువుగా ఎంచిన వానికే పరిచర్య చేసిరి. 1774 లో తమ ఇల్లు చేరిన తరువాత కౌపరు గారు మూడు కుందేళ్లను పెంచిరి, వడ్రంగము చేసిరి, దోసపాదులు పెట్టిరి. అమ్మగారి ప్రేరణచేత పద్యములు వ్రాయ మొదలిడి, 1785 లో 'ది టాస్క్' అను కావ్యమును ప్రకటించిరి. 1788 లో బానిస వ్యాపారమునకు విరోధముగా వ్రాసిరి. భ్రాంతి పోలేదు, అయినను పని జరిగెను.

మన ఊళ్లలో ఇట్టి సహోదరుడున్న యెడల వైద్యుని యొద్దకు తోడు వెళ్లుడి. ఆ కాలమున లేని మందులు ఇప్పుడు కలవు. చావు మాట అతని నోట వచ్చిన యెడల ఒంటరిగా విడువకుడి. వాదింపవద్దు, అవునని తల ఊపవద్దు. ప్రక్కన కూర్చుండుడి, చేతికి పని ఇయ్యుడి. అతని ఇల్లాలికి కూడ విశ్రాంతి కావలెను గనుక సంఘ స్త్రీలు ఒక పూట వంట తీసికొనిపోవుట మంచిది.

మేరీ అమ్మగారు పక్షవాతముతో పడినప్పుడు కౌపరు గారే ఆమెను కనిపెట్టుకొని యుండిరి. ఆమె 1796 లో మరణించిరి. ఆయన 1800 ఏప్రిల్ 25 న ఈస్ట్ డీరం అను ఊరిలో నిద్రించిరి. నిరాశ తుదివరకు తొలగలేదు. న్యూటను గారు ముసలితనమున, లండనులోని తమ గుడిలో, స్నేహితుని జ్ఞాపకార్థముగా నిర్గమకాండము 3:2-3 తీసికొని, మండుచుండియు కాలిపోని పొదను గూర్చి ప్రసంగించిరి.