ఆలస్యంగా అందిన ఉత్తరం

తంతి వచ్చిందంటే కాగితం విప్పకముందే ఇంట్లో ఏడుపులు మొదలైన రోజులు మన సంఘాల్లోని పెద్దలకు ఇంకా జ్ఞాపకమే. మన దేశంలో ఆ సేవ 2013 జూలైలో ఆగిపోయింది. ఆ తంతి భాషకు తన పేరిచ్చిన శామ్యూల్ మోర్స్ గురించి ఈ వారం చెప్పుకుందాం.

ఆయన 1791లో అమెరికాలోని చార్లెస్‌టౌన్‌లో ఒక సంఘకాపరి ఇంట పుట్టాడు. తండ్రి జెడిడయా మోర్స్ భూగోళ పుస్తకాలు రాసి పేరు పొందినవాడు. కొడుకు మాత్రం కుంచె పట్టాడు.

1825 ఫిబ్రవరిలో లఫాయెత్ చిత్రం గీసే పనిమీద ఆయన వాషింగ్టన్‌లో ఉండగా, న్యూహేవెన్‌లో భార్య లుక్రీషియా మూడవ కాన్పు తర్వాత హఠాత్తుగా కన్నుమూసింది. ఉత్తరం గుర్రపుబండ్ల మీద రావాలి గదా! అది అంది, ఆయన ఇల్లు చేరేసరికే ఆమెను సమాధి చేసేశారు. ఈ దుఃఖమే తంతిని కనిపెట్టించిందని ప్రసంగాల్లో వింటుంటాం. మేమూ ఒకప్పుడు అలా చెప్పినవాళ్లమే. కాని ఆ ఆలోచన తట్టింది ఏడేళ్ల తర్వాత, 1832లో, సల్లీ అనే ఓడలో తోటి ప్రయాణికులతో విద్యుదయస్కాంతం గురించి మాట్లాడుతున్నప్పుడు.

ఒంటరిగా సాధించిందీ కాదు. జోసెఫ్ హెన్రీ పరిశోధన, లియొనార్డ్ గేల్ సలహా, ఆల్‌ఫ్రెడ్ వెయిల్ చేతిపని లేకుండా ఆ యంత్రం లేదు. ఇంగ్లీషులో ఎక్కువగా వాడే అక్షరాలకు పొట్టి గుర్తులిచ్చారు: 'ఇ'కి ఒక్క చుక్క, 'టి'కి ఒక్క గీత.

1843లో అమెరికా కాంగ్రెస్ 30,000 డాలర్లు మంజూరు చేసింది. 1844 మే 24న వాషింగ్టన్ నుండి బాల్టిమోర్‌కు, సుమారు 40 మైళ్లు, మొదటి వార్త వెళ్లింది. అది సంఖ్యాకాండము 23వ అధ్యాయములోనిది. ఎంచి ఇచ్చినది ఆనీ ఎల్స్‌వర్త్ అనే యువతి. ఇశ్రాయేలును శపించడానికి పిలిపించబడిన బిలాము నోట వచ్చిన మాట అది!

అదే మోర్స్, బైబిలు చేతబట్టుకుని బానిసత్వాన్ని సమర్థిస్తూ కరపత్రాలు రాశాడు. కతోలిక వలసదారులకు వ్యతిరేకంగా 1836లో న్యూయార్క్ మేయరు పదవికి పోటీచేసి ఓడిపోయాడు. ఆయన జీవితం చెప్పేవారు చాలామంది ఇక్కడ పేజీ తిప్పేస్తారు. సంఘకాపరి కొడుకని, వాక్యం తెలిసినవాడని మనం తిప్పేయరాదు. వాక్యం తెలిసినవాడు కాబట్టే ఇది మరీ బాధిస్తుంది.

1872 ఏప్రిల్ 2న ఆయన న్యూయార్క్‌లో మరణించాడు. తంతి కార్యాలయాలు మూతపడినా, హామ్ రేడియో అభిరుచి గలవారు నేటికీ ఆ చుక్కలూ గీతలూ నేర్చుకుంటున్నారు, అదీ కంటితో కాదు, పాటలా చెవితో. గాలిలో గొంతు వినబడనంత బలహీనమైన సంకేతంలో కూడా ఆ టిక్కు టిక్కు అందుతుంది.