బొమ్మ చూసి బొమ్మ నేర్చిన వడ్డాది పాపయ్య

చందమామ వచ్చే రోజుల్లో దాని అట్ట మీద వ.పా. అన్న రెండక్షరాలు మనలో చాలామంది చూసే ఉంటారు. ఆ వ.పా. మన శ్రీకాకుళం మనిషే. 1921 సెప్టెంబరు 10న ఆ ఊళ్ళోనే పుట్టారు. తండ్రి రామమూర్తి డ్రాయింగు మాస్టారు. బొమ్మలు నేర్పే పెద్ద స్కూళ్ళు మద్రాసులో, బొంబాయిలో ఉండేవి. పాపయ్యకి తొలి బడి ఇల్లే, తొలి గురువు తండ్రే. రవివర్మ బొమ్మల్ని చూసి చూసి, చిన్ననాడే కుంచె పట్టారు.

ఆ రవివర్మకి నూనె రంగుల పని ఎవరూ చెయ్యి పట్టి నేర్పలేదు. 1868లో థియోడర్ జెన్సన్ అనే ఐరోపా చిత్రకారుడు తిరువాన్కూరు రాజుగారి దగ్గరకొచ్చాడు. నేర్పడానికి ఒప్పుకోలేదు, పని చేస్తుంటే చూడనిచ్చాడంతే. విద్యని బుగత గాదెలో ధాన్యంలా దాచుకునే రోజులవి. 1894లో రవివర్మ బొంబాయిలో అచ్చుయంత్రం పెట్టాడు. అప్పటిదాకా రాజుల గోడలకే పరిమితమైన బొమ్మలు అచ్చుకాగితాలై చిన్న చిన్న ఊళ్ళకీ చేరాయి. ఆ అచ్చులు రాకపోతే శ్రీకాకుళం కుర్రాడికి రవివర్మ ఎక్కడ దొరుకును?

చూసి గీయడం దొంగతనమని ఈసడించేవాళ్ళున్నారు. మేము ఒప్పుకోం. నాగలి పట్టడం మనం ఏ పుస్తకంలో చదివాం? ముందువాడి చాలు చూసి కాదూ! హాలెండులో పుట్టిన వాన్ గో 1880లో, ఇరవయ్యేడేళ్ళ వయసులో, మిలే అనే ఫ్రెంచి చిత్రకారుడి బొమ్మలు దిద్దుతూనే మొదలెట్టాడు. విత్తనం జల్లేవాళ్ళు, నేల తవ్వేవాళ్ళు, కోతకొచ్చినవాళ్ళు, అవీ ఆ బొమ్మలు. చివరి రోజుల్లో పిచ్చాసుపత్రిలో ఉండి కూడా మిలే నలుపు తెలుపు అచ్చులకి తన సొంత రంగులు వేసి ఇరవై దాకా చిత్రాలు గీశాడు.

పాపయ్య అనకాపల్లి పక్క కశింకోటలో డ్రాయింగు మాస్టారుగా పనిచేస్తూనే చందమామకీ, యువకీ బొమ్మలు వేశారు. ఎక్కువగా నీటి రంగులే. పురాణ పురుషులు, పండుగలు, పల్లె పడుచులు. ఆ పడుచుల అందం కాదనలేం గానీ, ఊడ్పుల్లో వంగిన నడుము నొప్పి అందులో కనపడదు. కంబారి కాళ్ళ బురద ఆ రంగుల్లో తక్కువ. పత్రికలకి కావలసింది అదే, కొన్నవాళ్ళు మెచ్చిందీ అదే. 1992 డిసెంబరు 30న ఆయన పోయారు.

ఇప్పుడు మన సంఘాల కుర్రాళ్ళు కొందరు గోడరాతలతో ఆగక నూనె రంగులు నేర్చుకుంటామంటున్నారు. వాళ్ళకి మేము చెప్పేది, 1888లో వాన్ గో గీసిన పేషన్స్ ఎస్కాలియే బొమ్మ ముందు దిద్దండని. ఒకప్పటి పశువుల కాపరి, తోటమాలి ఆ ముసలాయన. గడ్డి టోపీ, నీలం చొక్కా, వెనక మండే నారింజ రంగు, కర్ర మీద ఆనిన మోటు చేతులు. అచ్చు మీద గళ్ళు గీయండి, గుడ్డ మీద అవే గళ్ళు పెద్దవిగా గీయండి. సైన్‌బోర్డు వాళ్ళు చేసే పనే ఇది. మొదటి పూత టర్పెంటైనుతో పల్చగా వెయ్యండి, పైపూతల్లోనే అవిసె నూనె కలపండి. తిరగేస్తే పైది ముందు ఎండి, కింద తడి ఆరక, బొమ్మ బీటలిస్తుంది. ఆ చేతుల దగ్గర తొందరపడొద్దు. అవి కుదిరాక మీ నాన్నని ఎదురుగా కూచోబెట్టుకోండి.