మేడమ్ క్యూరీగారి చరిత్రము

ఓర్వకల్లు ప్రాంతమున నెవరికైనను కాలో చేయియో విరిగినచో కర్నూలునకు గొనిపోయి ఎక్స్‌రే తీయించుట నేడు సామాన్యమైపోయినది. రోగి ఆ గదిలో నుండునది కొన్ని నిమిషములే. పటము దీయు ఉద్యోగికి మాత్రము ప్రతిదినము నచటనే పని. అట్టివారి క్షేమమును దలంచునపుడు మాకు ముందుగా స్ఫురించునది మేడమ్ క్యూరీగారి పేరు. కావున నామె చరిత్రమును సంగ్రహముగా దెలుపుచున్నాము.

ఈమె 1867 నవంబరు 7వ తేదీన పోలండు దేశమందలి వార్సా నగరమున జన్మించెను. తండ్రి ఉపాధ్యాయుడు. పదియేండ్ల ప్రాయముననే తల్లి గతించెను. అచటి విశ్వవిద్యాలయమున స్త్రీలకు ప్రవేశము లేకుండెను. ఈమె పరుల యిండ్లలో పిల్లలకు చదువు చెప్పి, ఆ జీతముతో ముందు అక్కగారి వైద్యవిద్యకు తోడ్పడి, పిమ్మట 1891లో తానును పారిస్ నగరమున కేగెను. 1895లో పియరీ క్యూరీగారిని వివాహమాడెను. ఆ దంపతులు 1898లో పొలోనియము, రేడియము అను మూలపదార్థములను గనుగొనిరి. 1903లోను, 1911లోను ఈమెకు నోబెల్ బహుమానము లభించెను.

1914లో మహాయుద్ధము ప్రారంభము కాగా, ఈమె మోటారు బండ్లలో ఎక్స్‌రే యంత్రముల నమర్చి గాయపడిన సైనికుల చెంతకే కొనిపోయెను. కుమార్తె ఐరీనును తోడుగొని, సుమారు 150 మంది స్త్రీలకు ఆ పని నేర్పెను. దేహమున దాగిన గుండ్లు కానవచ్చుటచే ననేకుల ప్రాణములు దక్కెను. అయితే ఆ కిరణములకు రంగు లేదు, వాసన లేదు; తగిలినపుడు నొప్పియు లేదు. ఎవరి కెంత సోకెనో లెక్క వ్రాసినవారు లేరు.

1934 జూలై 4వ తేదీన, ఎముకలలోని మూలుగ రక్తమును బుట్టింపజాలని వ్యాధిచే నామె కాలధర్మము నొందెను. 1995లో ఆమె భౌతికకాయమును పారిస్‌లోని పాంథియను మందిరమునకు మార్చునపుడు పరీక్షింపగా, రేడియము స్వల్పముగానే కనబడెను. యుద్ధకాలపు ఎక్స్‌రేలే వ్యాధికి హేతువై యుండునని పరీక్షకులు తలంచిరి. అరువదియేండ్ల పిమ్మట నిట్లు ఊహింపవలసి వచ్చుటకు గారణము, నాడు లెక్క లేకుండుటయే.

నేడు ఆ లెక్క గలదు. మన దేశమున ఎక్స్‌రే ఉద్యోగులు సీసపు అంగీ లోపల, ఱొమ్మున, టి.ఎల్.డి. బ్యాడ్జిని ధరింతురు. అందలి చిన్న బిళ్ళలు సోకిన కిరణశక్తిని దాచుకొని, వేడిచేసినపుడు వెలుగుగా విడుచును. మూడు నెలల కొకమారు ఆ వెలుగును గొలిచి లెక్క కట్టుదురు. ఐదేండ్ల సగటున ఏటికి 20 మిల్లీసీవర్టులను మించరాదని నియమము. ఈ బ్యాడ్జి గొడుగు వంటిది కాదు. వానను గొలుచు పాత్రము వంటిది. అది కిరణము నాపదు, ఎంత సోకెనో చెప్పును. కొక్కెమునకు దగిలించి పోయినచో అదియు జెప్పదు.

విద్యార్థులారా! మీలో గొందఱు రేపు ఆసుపత్రులలో సేవ చేయుదురు. పరుల ప్రాణములను గాపాడునపుడు మీ ప్రాణమును గూడ లెక్కలో నుంచుకొనుడు. క్యూరీగారి జీవితము నుండి సేవను, ఆమె మరణము నుండి జాగ్రత్తను నేర్చుకొందురని మా యాశ.