ఫిడేలు విద్వాంసులు శ్రీ ద్వారం వెంకటస్వామి నాయుడు జీవిత విశేషాలు

కచేరీలలో గాత్రానికి పక్కవాద్యంగానే పరిగణింపబడుతూ వచ్చిన ఫిడేలుకు ప్రధాన వాద్య గౌరవాన్ని సంపాదించిపెట్టిన వారిలో అగ్రగణ్యులు కీ.శే. ద్వారం వెంకటస్వామి నాయుడు. ఆయన 1893 నవంబరు 8న బెంగుళూరులో జన్మించి, విశాఖపట్నంలో పెరిగారు. చిన్ననాటనే చూపు మందగించడంతో బడి చదువు సాగలేదు. అన్నగారి వద్ద ఫిడేలు అభ్యసించారు.

1919లో విజయనగరంలో మహారాజా సంగీత కళాశాల ప్రారంభం కాగా, శ్రీ నాయుడు విద్యార్థిగా చేరగోరి అక్కడకు వెళ్లారు. ప్రిన్సిపాల్, హరికథా పితామహులు శ్రీ ఆదిభట్ల నారాయణదాసు ఆయన వాదనను విని, విద్యార్థిగా గాక ఫిడేలు అధ్యాపకునిగా నియమించారు. చదువు పట్టా గాని, చక్కని చూపు గాని లేని ఆ అభ్యర్థికి వాద్యమే అర్హతాపత్రమయింది. నేటి నియామక నిబంధనల ప్రకారం ఇది సాధ్యపడేది కాదేమో! 1936లో దాసుగారి అనంతరం ఆయనే ప్రిన్సిపాల్ అయ్యారు.

1938లో వెల్లూరులో ఆయన తొలి సోలో కచేరీ జరిగింది. గాయకుడు లేని కచేరీలో కృతి సాహిత్యపు విరుపులను సైతం కమానుతోనే శ్రోతకు తెలియజేయవలసి ఉంటుంది. నిడివైన కమాను పట్టుతో, పాశ్చాత్య వాదన మెళకువలను కర్ణాటక బాణీకి అనువుగా మలచుకొని ఆయన దీనిని సాధించారు. 1952లో న్యూఢిల్లీలో అంధుల సహాయ సంఘం కోసం సోలో కచేరీ చేశారు.

1941లో మద్రాసు సంగీత అకాడమీ సంగీత కళానిధి బిరుదు, 1953లో కేంద్ర సంగీత నాటక అకాడమీ అవార్డు, 1957లో పద్మశ్రీ ఆయనను వరించాయి. 1964 నవంబరు 25న పరమపదించారు. శతజయంతి సందర్భంగా 1993లో తపాలా శాఖ స్మారక బిళ్ల విడుదల చేసింది.