తుంటి ఎముక విరిగింది.. నడవడమే కష్టమన్నారు.. 16 నెలలకే యూఎస్ ఓపెన్ గెలిచాడు! గోల్ఫ్ దిగ్గజం బెన్ హోగన్ కథ ఇదీ

గోల్ఫ్‌లో బంతిని కొట్టడం ఒక ఎత్తయితే.. నడవడం ఇంకో ఎత్తు. ఒక రౌండ్ అంటే 18 హోల్స్. అది పూర్తయ్యేసరికి ఆటగాడు కనీసం ఆరేడు కిలోమీటర్లు నడవాల్సిందే. అలాంటి ఆటలోకి, మళ్లీ నడుస్తాడో లేదో అని డాక్టర్లే అనుమానపడ్డ మనిషి తిరిగొచ్చాడు. రావడమే కాదు.. ప్రపంచంలోని అతిపెద్ద టోర్నీల్లో ఒకదాన్ని గెలిచాడు. అతడే అమెరికా గోల్ఫర్ బెన్ హోగన్.

ఎవరీ బెన్ హోగన్?

1912 ఆగస్టు 13న టెక్సాస్‌లో పుట్టాడు. తండ్రి కమ్మరి పని చేసేవారు. హోగన్‌కు తొమ్మిదేళ్ల వయసులో ఆయన తుపాకీతో కాల్చుకుని ప్రాణాలు తీసుకున్నారు. ఆ తర్వాత ఇల్లు గడవడమే కష్టమైంది. ఫోర్ట్ వర్త్‌లోని గోల్ఫ్ క్లబ్‌లో హోగన్ క్యాడీగా చేరాడు. అంటే.. ఆడేవాళ్ల బ్యాగులు మోసే పని. అక్కడే ఆట నేర్చుకున్నాడు.

18 ఏళ్లు నిండకముందే ప్రొఫెషనల్‌గా మారాడు. కానీ గెలుపు అంత తేలిగ్గా రాలేదు. ఒంటరిగా తొలి టైటిల్ గెలవడానికి 1940 దాకా ఆగాల్సి వచ్చింది. 1948 నాటికి మాత్రం తిరుగులేని ఆటగాడు. ఆ ఒక్క ఏడాదే యూఎస్ ఓపెన్‌తో పాటు పీజీఏ ఛాంపియన్‌షిప్ కూడా అతడి ఖాతాలో చేరింది.

ఆ రోజు ఏం జరిగింది?

1949 ఫిబ్రవరి 2. ఫీనిక్స్‌లో టోర్నీ ముగించుకుని, భార్య వాలరీతో కలిసి కారులో ఫోర్ట్ వర్త్‌లోని ఇంటికి బయల్దేరాడు. టెక్సాస్‌లోని వాన్ హార్న్ దగ్గర రోడ్డంతా పొగమంచు. ఓ బ్రిడ్జిపై ఎదురుగా లారీని ఓవర్‌టేక్ చేస్తూ బస్సు దూసుకొచ్చింది. తప్పించుకునే దారి లేదు. హోగన్ స్టీరింగ్ వదిలేసి, భార్యకు అడ్డంగా పక్క సీటులోకి దూకాడు.

ఆ క్షణంలో చేసిన ఆ పనే అతడిని కూడా కాపాడింది. స్టీరింగ్ రాడ్ డ్రైవర్ సీటులోకి చొచ్చుకొచ్చింది. అక్కడే కూర్చుని ఉంటే బతికేవాడు కాదు. వాలరీ చిన్న గాయాలతో బయటపడ్డారు. హోగన్‌కు మాత్రం తుంటి భాగంలో ఎముక రెండు చోట్ల విరిగింది. కాలర్ బోన్, ఎడమ చీలమండ కూడా విరిగాయి.

అసలు గండం ఆ తర్వాతే

ఎల్ పాసోలో ఆసుపత్రిలో చేర్చారు. కోలుకుంటున్నాడనుకునేలోపే కాళ్లలో రక్తం గడ్డకట్టింది. గడ్డలు ఊపిరితిత్తుల దాకా వెళ్లడం మొదలైంది. న్యూ ఆర్లీన్స్ నుంచి ప్రముఖ సర్జన్ ఆల్టన్ ఆక్స్‌నర్‌ను విమానంలో రప్పించారు. కాళ్ల నుంచి గుండెకు రక్తం తీసుకెళ్లే పెద్ద సిరను ఆయన కట్టేశారు. ప్రాణం దక్కింది. కానీ కాళ్లలో రక్తప్రసరణ మళ్లీ మామూలు కాలేదు. జీవితాంతం వాపు, నొప్పి తప్పలేదు.

దాదాపు రెండు నెలల తర్వాత ఇంటికి చేరాడు. మొదట గదిలో అటూ ఇటూ నడక. తర్వాత వీధిలో. ఆ తర్వాతే చేతిలోకి క్లబ్ వచ్చింది.

మళ్లీ మైదానంలోకి..

1950 జనవరిలో లాస్ ఏంజెలిస్ ఓపెన్ ఆడాడు. ప్రమాదం జరిగి అప్పటికి ఏడాది కూడా కాలేదు. ఏకంగా శామ్ స్నీడ్‌తో సమంగా నిలిచి, ప్లేఆఫ్‌లో ఓడాడు.

అసలు పరీక్ష జూన్‌లో ఎదురైంది. ఫిలడెల్ఫియా దగ్గర మెరియన్‌లో యూఎస్ ఓపెన్. అప్పట్లో చివరి రోజు ఒకేసారి 36 హోల్స్ ఆడాలి. హోగన్ రెండు కాళ్లకూ బ్యాండేజీలు చుట్టుకుని దిగాడు. సాయంత్రానికి కాళ్లు మొరాయించాయి. ఆధిక్యం చేజారింది. చివరిదైన 18వ హోల్‌లో పార్ కొడితేనే పోటీలో ఉంటాడు. దూరం నుంచి వన్ ఐరన్‌తో కొట్టిన షాట్ నేరుగా గ్రీన్‌పైకి చేరింది. ఆ క్షణాన్ని హై పెస్కిన్ వెనక నుంచి తీసిన ఫొటో గోల్ఫ్ చరిత్రలోనే ఫేమస్ అయింది.

మర్నాడు మళ్లీ 18 హోల్స్ ప్లేఆఫ్. హోగన్ 69, లాయిడ్ మాంగ్రమ్ 73, జార్జ్ ఫాజియో 75. టైటిల్ హోగన్‌దే!

తక్కువ ఆడాడు.. ఎక్కువ గెలిచాడు

హోగన్ శరీరం పాతలా మారలేదు. ఆ సంగతి అతడికీ తెలుసు. అందుకే ఆట తీరు కాదు.. క్యాలెండర్ మార్చాడు. ఏడాదికి కొన్ని టోర్నీలే ఎంచుకున్నాడు. పీజీఏ ఛాంపియన్‌షిప్‌లో అప్పట్లో 36 హోల్స్ రోజులు చాలా ఉండేవి. కాళ్లు తట్టుకోవని ఏళ్ల తరబడి దాన్ని వదిలేశాడు.

ఫలితం 1953లో కనిపించింది. ఆ ఏడాది ఆడినవి ఆరు టోర్నీలు. గెలిచినవి ఐదు! అందులో మాస్టర్స్, యూఎస్ ఓపెన్, బ్రిటిష్ ఓపెన్ ఉన్నాయి. స్కాట్లాండ్‌లోని కార్నూస్టీలో ఆడిన ఆ బ్రిటిష్ ఓపెనే అతడి కెరీర్‌లో మొదటిది, చివరిది. తిరిగొచ్చాక న్యూయార్క్ వీధుల్లో ఘనంగా ఊరేగించారు.

మొత్తం తొమ్మిది మేజర్ టైటిళ్లు. వాటిలో ఆరు ప్రమాదం తర్వాత వచ్చినవే!

1997 జులై 25న ఫోర్ట్ వర్త్‌లో 84 ఏళ్ల వయసులో కన్నుమూశాడు. 2021లో టైగర్ వుడ్స్ కారు ప్రమాదంలో కాలు విరిగి ఆసుపత్రి పాలైనప్పుడు, ఫ్యాన్స్‌కు వెంటనే గుర్తొచ్చిన పేరు హోగన్‌దే. మెరియన్‌లో ఆ షాట్ కొట్టిన చోట ఇప్పటికీ ఓ ఫలకం కనిపిస్తుంది.