మన సీనియర్ దీన్ దయాళ్

మాది కోదాడే. నాన్నకు పెండ్లిళ్ల ఫొటోలు తీసే చిన్న స్టూడియో ఉంది. నేను ఈసీఈ మూడో ఏడు. మొన్న సెమ్ సెలవుల్లో, చదువు మానేసి కెమెరా పట్టుకుంటానని ఇంట్లో చెప్పాను. నాన్న తిట్టలేదు. రెండు రోజులు మాట్లాడలేదు, అంతే. ఆ రెండు రోజులూ నేను రాజా దీన్ దయాళ్ గురించి చదువుతూ కూర్చున్నా.

ఆయన 1844లో మీరట్ దగ్గర సర్ధనాలో పుట్టారు. చదివింది రూర్కీలోని థామసన్ ఇంజనీరింగ్ కాలేజీలో. ఇప్పటి ఐఐటీ రూర్కీ అదే. అంటే మనకు సీనియరే! 1866లో ఇందోర్‌లో ప్రజా పనుల శాఖలో చేరారు. కెమెరా పట్టింది 1874 ప్రాంతంలో. ఉద్యోగం వదిలింది 1880ల మధ్యలో. దాదాపు పదేళ్లు రెండూ నడిపారన్నమాట. నేను ఇక్కడే ఆగిపోయాను.

అప్పటి ఫొటో అంటే మాటలు కాదు. గాజు పలకకు కొలోడియన్ పూసి, సిల్వర్ నైట్రేట్‌లో ముంచి, తడి ఆరకముందే ఫొటో తీసి, వెంటనే చీకట్లో కడగాలి. తర్వాత డ్రై ప్లేట్లు వచ్చాక ఆ హడావుడి తగ్గింది. వెలుతురు ఎంత, ఎన్ని సెకన్లు అన్నది మాత్రం ముందే లెక్క కట్టాలి. తప్పితే ఒక పలక పోయినట్టే.

మన కెమెరాలో ఆ పలక పని సెన్సర్ చేస్తుంది. వెలుగు పడితే సిలికాన్‌లో ఎలక్ట్రాన్లు పుడతాయి, పిక్సెల్ పిక్సెల్‌కీ వాటిని కొలిచి అంకెలుగా మారుస్తారు. ఒకప్పుడు సెన్సర్‌లో వైర్లు వెలుగుకు అడ్డంగా ఉండేవి. ఇప్పుడు సెన్సర్‌ను తిరగేసి వైర్లను వెనక్కి పంపారు. అందుకే రాత్రి బరాత్‌లో కూడా మొహాలు తెలుస్తున్నాయి. సెన్సర్ చాలా తప్పులు కాస్తుంది. దీన్ దయాళ్‌ను కాసింది ఆయన లెక్కే.

తర్వాత ఆయన మన వైపు వచ్చారు. సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టారు. 1892లో హైదరాబాద్‌లో పరదా పాటించే ఆడవాళ్ల కోసం ప్రత్యేకంగా జనానా స్టూడియో తెరిచి, దాన్ని ఒక ఆంగ్ల మహిళకు అప్పగించారు. 1894లో ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫర్ అయ్యారు. రాజా బహదూర్ ముసవ్విర్ జంగ్ బిరుదూ వచ్చింది. కోదాడ కూడా అప్పుడు ఆ నిజాం రాజ్యంలోనే ఉంది. నవాబులనూ మహళ్లనూ తీసిన ఆ కెమెరాయే 1899-1900 కరువులో ఔరంగాబాద్ ప్రాంతపు సహాయ పనులనూ తీసింది.

1905లో ఆయన పోయారు. 2,800కు పైగా గాజు నెగెటివ్‌లు ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రంలో ఇప్పటికీ ఉన్నాయి. నా ఫోన్‌లో పోయిన ఏడాది ఫొటోలే దొరకవు.

మూడో రోజు పొద్దున ఇదంతా నాన్నకు చెప్పాను. చాయ్ తాగుతూ విన్నాడు. చివరికి ఒక్కటే అడిగాడు, ఆయన డిగ్రీ మధ్యలో వదిలేశాడా అని. నా దగ్గర జవాబు లేదు.

ఈ ఆదివారం పెండ్లికి రెండో కెమెరా నాదే. సోమవారం ఇంటర్నల్స్.